రంగుల ఇంగ్లీషులో నాగన్న అర్జీ

1936లో ఏలూరు కోర్టు ఎదురుగా, తాటాకు పందిరి కింద, ఒక పాత టైపుమిషనుతో అర్జీలు రాసి బతికేవాణ్ణి. పిటిషన్ రైటర్ అనేవారు మమ్మల్ని. ఇంగ్లీషు రానివాళ్ల గోడు ఇంగ్లీషులో పెట్టి, వాళ్ల చేత వేలిముద్ర వేయించి, కచేరీకి పంపడం మా పని. ఆ వరసలో నలుగురం ఉండేవాళ్లం. మిగతా ముగ్గురూ చేత్తో రాసేవారు. నా మిషనుకి సగం నలుపు, సగం ఎరుపు ఉన్న రెండు రంగుల రిబ్బను ఉండేది. మీట నొక్కితే అక్షరాలు ఎర్రగా పడేవి. ఆ మీటతో నాకు కొమ్ములు మొలిచాయి.

దానికి తోడు నా దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు చెప్పిన రంగుల నానుడులన్నీ అందులో రాసుకున్నాను. బ్లాక్ షీప్, అంటే మందలో నల్లగొర్రె, నలుగురికీ తలవంపులు తెచ్చేవాడు. వైట్ లై, ఎవరికీ హాని చెయ్యని చిన్న అబద్ధం. రెడ్ టేప్, కచేరీల్లో కాగితాల కట్టలకు కట్టే ఎర్రనాడా. పని సాగనివ్వని ఆఫీసు తతంగానికి ఆ పేరు. వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్, ఎప్పుడో చాలా అరుదుగా అని. మొత్తం అరవై దాకా ఉండేవి. ఏ అర్జీలోనైనా రెండో మూడో ఇరికించందే నాకు తృప్తి ఉండేది కాదు. వాటిని ఎర్ర అక్షరాల్లో కొట్టేవాణ్ణి. మేమందరం అంతే. ఎవరి ఇంగ్లీషు ఎంత బరువుగా ఉంటే వాళ్ల పందిరి కింద అంత మంది జనం.

శివరాత్రి వెళ్లిన వారానికి కొల్లేటి లంకనుంచి నాగన్న వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. అప్పట్లో ఆయన్ని నువ్వు అనే పిలిచేవాణ్ణి. నాకు తండ్రి వయసువాడని అప్పుడు తోచలేదు.

"పంతులుగారండీ, నా పడవ లాగేసుకున్నారండీ," అన్నాడు.

విషయం చిన్నదే. అన్నదమ్ములిద్దరూ తుంగచాపలు, ఎండుచేపలు పడవలో వేసుకుని కాలవమీద తాడేపల్లిగూడెం దాకా పోయి అమ్మేవారు. పడవ లైసెన్సు అన్న పేరున ఉంది. అన్న కిందటేడు పోయాడు. నాగన్న పేరు మార్పించుకోలేదు. గూడెం దగ్గర ఒక లాకులో, అంటే నీటిమట్టం మారేచోట పడవల్ని ఎక్కించి దించే తలుపుల దగ్గర, అక్కడి గుమాస్తా లైసెన్సు చూసి పడవ ఆపేశాడు.

"ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు ఆపాడు?"

"వచ్చినప్పుడల్లా కొర్రమీను ఇమ్మనేవోరండీ. రెండు తడవలు ఇచ్చేనండి. మూడోతడవ లేదన్నానండి."

"అలాగా! చూద్దాంలే."

"ఏవండీ, కాలవ కట్టేసేలోపు తెమలాలండీ. నీళ్లుండగా తోలుకుపోతే కొల్లేట్లో వేసుకుంటానండి. కట్టేసేరంటే పడవ అడుగు మట్టిలో కూచుంటాదండి. రెండు నెల్ల ఎండకి బల్లలన్నీ విచ్చిపోతాయండీ. మళ్లీ చేయించుకోడం నావల్ల కాదు."

వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. అప్పటికి ఇంకా అయిదు వారాలుంది. పేరు మార్చి పడవ వదలమని ఏడు పంక్తులు రాస్తే సరిపోయే పని. కానీ ఆ అర్జీ వెళ్లవలసిన కాలవల శాఖ కచేరీలో అప్పుడే ఒక టైపిస్టు ఉద్యోగం ఖాళీ పడింది. కొత్తగా వచ్చిన దొర ప్రతి కాగితమూ స్వయంగా చదువుతాడని చెప్పుకునేవారు. నా ఇంగ్లీషు ఆయన కంట పడటానికి ఇంతకంటే మంచి అదను ఉండదనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాగన్న అర్జీ నా ఉద్యోగం కోసం రాశాను.

నాలుగు పేజీలు వచ్చింది. ఆ గుమాస్తా ఆ శాఖకే బ్లాక్ షీప్ అన్నాను. అతని రిపోర్టు వైట్ లై కూడా కాదు, కారునలుపు అబద్ధం అన్నాను. నాగన్న పడవను చూసి అతను అసూయతో పచ్చబడ్డాడన్నాను, గ్రీన్ విత్ ఎన్వీ. దొరగారివంటి ధర్మాత్ములు బ్లూ మూన్‌లా అరుదుగా ఉదయిస్తారనీ, రెడ్ టేప్‌ను తమ చేత్తో తెంచాలనీ, ఆ రోజు నాగన్నకు రెడ్ లెటర్ డే, అంటే పండగరోజు అవుతుందనీ రాశాను. మొత్తం పదకొండు నానుడులు, పదకొండూ ఎర్రగా. నాగన్న వేలిముద్ర వేస్తూ, "ఇంత రాసేరేటండీ!" అని నాకు దణ్ణం పెట్టాడు.

పదిరోజుల తర్వాత ఆ కచేరీ బంట్రోతు ఖాదర్ సాహెబు టీ తాగడానికి వచ్చి, మా పందిరి దగ్గర ఆగాడు.

"పంతులుగారూ, మీ అర్జీ దొరగారికి భలే నచ్చిందండీ. చదువుతూ ఒకటే నవ్వు! మడిచి కోటుజేబులో పెట్టుకున్నారు. సాయంత్రం క్లబ్బులో అందరికీ చదివి వినిపించారట."

"నిజంగానా?"

"నా కళ్లారా చూశానండీ."

నేను పొంగిపోయాను. నవ్వు అన్న మాట నా చెవికి ఎక్కనే లేదు. ఆ వారం నాగన్న వస్తే, "నీ పని అయిపోయినట్టే," అని పంపించేశాను. తర్వాతి వారమూ అదే మాట. ఉద్యోగానికి పిలుపు వస్తుందని చాకలి చేత చొక్కాకి గంజి పెట్టించి ఉంచుకున్నాను. మూడోసారి వచ్చినప్పుడు నాగన్న పందిరి బయటే నిలబడి, "కాలవ కట్టేస్తన్నారని దండోరా వేసేరండీ," అన్నాడు. ఆయన మొహం చూసి మొదటిసారి నాకు భయం వేసింది.

ఆ పూటే ఖాదర్ సాహెబును పట్టుకుని ఫైలు సంగతి కనుక్కోమన్నాను. మధ్యాహ్నానికి వచ్చాడు. ఆయన గొంతు తగ్గింది.

"ఫైలు లేదండీ. అసలు నంబరే పడలేదు. కాయితం దొరగారి కోటులోనే ఉండిపోయిందిగా! హెడ్ గుమాస్తాగారు అడిగితే, అది అర్జీ కాదు వినోదం అని దొరగారు అన్నారట. పోతే... మిమ్మల్ని అక్కడ రంగుల పంతులు అంటున్నారండీ. టైపిస్టుగా వేరే ఆయన చేరిపోయారు."

అక్కడే, ఆయన ఎదుటే, ఏడు పంక్తులు కొట్టాను. అన్న చనిపోయాడు, లైసెన్సు పేరు మార్చండి, పడవ వదలండి. అంతే. ఖాదర్ సాహెబు దాన్ని స్వయంగా హెడ్ గుమాస్తా చేతిలో పెట్టాడు. అయిదో రోజున హుకుం వచ్చింది. అడగవలసినట్టు అడిగితే ఆ పని అయిదు రోజులది. ఆ హుకుం వచ్చేనాటికి కాలవ కట్టేసి మూడు రోజులయింది.

మే నెల చివర్లో, ఉండబట్టలేక, రైలెక్కి గూడెం వెళ్లాను. లాకు కింద ఎండిన కాలవలో పడవ ఒక పక్కకి ఒరిగి ఉంది. తారు కరిగి కారిపోయింది. నాగన్న ఎక్కడో ఉన్న నూతినుంచి కుండతో నీళ్లు మోసుకొచ్చి, బల్లలమీద పరిచిన గోనెలు తడుపుతున్నాడు. హుకుం వచ్చిన నాటినుంచీ అదే పనట. బల్లల మధ్య సందుల్లోంచి అవతలి గట్టు కనిపిస్తోంది. వడ్రంగి వచ్చి చూసి, కొత్తది చేయించుకోవడమే మేలని చెప్పి పోయాడట.

నన్ను చూసి కుండ దింపాడు. కోప్పడతాడేమోనని కాచుకున్నాను. తలగుడ్డ విప్పి నేల దులిపి, కూర్చోమన్నాడు. తనూ ఎదురుగా కూర్చుని అడిగాడు.

"పంతులుగారండీ, ఆ మొదటి కాయితంలో ఏం రాసేరండీ? దొరగారు అంతలా నవ్వేరంట గదా."

కార్బన్ కాపీ నా సంచిలోనే ఉంది. క్షమాపణ చెప్పుకోవాలని తీసుకెళ్లాను, ఎలా చెప్పుకోవాలో తెలియలేదు. దాన్ని తెలుగులో చదివాను. నల్లగొర్రె, తెల్ల అబద్ధం, ఎర్రనాడా, నీలి చంద్రుడు. చదువుతుంటే నా నోరు నాకే అసహ్యమయింది. నాగన్న మాత్రం మొదటి రెండు పేజీలూ శ్రద్ధగా విన్నాడు. మూడోది మొదలు పెడుతుండగా మెల్లిగా అడ్డొచ్చాడు.

"ఏవండీ, ఇందులో నా పడవ ఎక్కడుందండీ?"

నాలుగో పేజీ అడుగున, రెండు పంక్తుల్లో ఉంది. వేలు పెట్టి చూపించాను. ఆయనకు చదవడం రాదు. అయినా నా వేలి కింద ఉన్న ఆ రెండు పంక్తులను చాలాసేపు చూసి, "ఉందండీ," అని తల ఊపి, కుండ తీసుకుని నూతికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు అర్జీలు రాశాను. వేలిముద్రకు ముందు ప్రతి అర్జీ తెలుగులో చదివి వినిపించాను. అర్జీదారుడు ఇది నా మాట కాదు అంటే చింపేశాను. ఈ బుద్ధి రావడానికి ఒక మనిషి పడవ కావలసి వచ్చింది. నాగన్న ఆ ఏడాది కాలవలకు మళ్లీ నీళ్లు వదలగానే వేరేవాళ్ల పడవలో కూలికి చేరాడు. ఏలూరులో సరుకు దించినప్పుడల్లా మా పందిరి వైపు వచ్చి, "బాగున్నారా పంతులుగారండీ," అని దణ్ణం పెట్టి పోయేవాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! పోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు.