అద్దాలక్క, అడుగుదొర

ఆ కళ్లజోళ్ల దుకాణంలో వెలుగంతా ముందుభాగానిదే. వెనకగది రెండు మంచాలు పట్టేంత ఉంటుంది. అందులో తొమ్మిదేళ్లుగా ఒకావిడ అద్దాలు కోసేది. డాక్టరు రాసిన చీటీ చూసి, అద్దం నడిమధ్య సిరా చుక్క పెట్టి, యంత్రం మీద అంచు అరగదీసి, వేడిగాలికి మెత్తబడ్డ ఫ్రేములో దాన్ని కూర్చోబెట్టేది. అద్దం కూర్చున్నప్పుడు వచ్చే చిన్న చప్పుడు విని, సరిగ్గా పట్టిందో లేదో చెప్పేసేది. దుకాణంలో అందరికీ ఆమె అద్దాలక్క.

ఆ పని నేర్పినాయన్ని అందరూ మాస్టారనేవారు. బడిపంతులు కాదు, ఆ వెనకగదికి పెద్ద. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ముక్కు మీద ఒక కళ్లజోడు, నుదుటి మీద ఇంకొకటి పెట్టుకుని, మూడోది ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ ఉండేవాడు.

అద్దాలక్క పనిలో చేరిన మూడో నెలలో ఒక బడి నుంచి అరవై మంది పిల్లల కళ్లజోళ్లకు జాబితా వచ్చింది. రేయింబవళ్లు కోసి పంపారు. వారం తిరక్కుండా బడివాళ్లు పెట్టెలతో సహా వెనక్కి వచ్చారు. పధ్నాలుగో పేరు దగ్గర ఒక వరస జారిపోయి, అక్కణ్నుంచి కిందివాళ్లందరికీ పక్కవాళ్ల అద్దాలు పడ్డాయి. కోసింది అద్దాలక్కే. దుకాణం యజమాని వెనకగదిలోకి వచ్చి, "ఇది ఎవరి నిర్వాకం?" అన్నాడు. ఆమె యంత్రం ఆపి లేచింది. ఇంతలో మాస్టారు కుర్చీలోంచి లేచి, "తప్పు నాదండీ" అన్నాడు. యజమాని ఆయన్ని ముందుభాగంలో కొనడానికొచ్చినవాళ్లు వినేలా కడిగిపారేశాడు. ఆయన తలవంచుకుని విని, నాలుగు ఆదివారాలు దుకాణానికొచ్చి ఆ అద్దాలన్నీ మళ్లీ కోశాడు. ఆమె పక్కన కూర్చుని సాయం చేసింది. ఆ విషయం ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజు నుంచి మాస్టారి మాటకు ఆమె దగ్గర 'కాదు' అన్నది లేకుండా పోయింది. ఆయన సెలవు పెడితే ఆ పని కూడా ఆమే చేసేది. కిటికీ మూయమంటే ఉక్కపోస్తున్నా మూసేది. ఆయన తన కోసం అంత మాట పడ్డాడు, ఏదో ఒకరోజు బదులుగా ఏదైనా అడుగుతాడు, అడిగిననాడు సిద్ధంగా ఉండాలి. ఇది ఆమె ఎవరితోనూ అన్న మాట కాదు. మొగుడితో కూడా అనలేదు.

ఆట సంగతి ఆమె మరిది వల్ల మొదలైంది. ఎక్కడో చూసొచ్చి ఒక లావుపాటి పుస్తకం, గుప్పెడు పాచికలు తెచ్చాడు. బల్ల మీద పటం పరచుకుని, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆట అది. ఒకరు మాత్రం కథకుడు. దారిలో తగిలే రాజులు, దొంగలు, భూతాలు అందరికీ ఆయనే గొంతు. మరిది కత్తివీరుడయ్యాడు. పక్కింట్లో ఉండే డ్రాయింగ్ టీచరు వైద్యురాలయింది, పటాలు గీసే పని కూడా ఆవిడదే. కథకుడెవరా అని చూస్తుంటే, పుస్తకం రెండ్రోజులు ఇమ్మని తీసుకెళ్లిన మాస్టారు వారం తర్వాత దాన్ని ఆసాంతం బట్టీపట్టి వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నాలు దుకాణం మూసి ఉంటుంది కాబట్టి వెనకగదిలోనే ఆట పెట్టుకున్నారు.

"వదినా, నీకు వార్లాక్ ఇస్తున్నా" అన్నాడు మరిది మొదటిరోజు. "వార్లాక్ అంటే ఒక రకం మాంత్రికుడు, కానీ మంత్రాలు చదివి నేర్చుకోడు. ఏదో ఒక పెద్ద శక్తితో ఒప్పందం పెట్టుకుంటాడు. అదే మంత్రాలిస్తుంది. దాన్ని పేట్రన్ అంటారు."

"ఊరికే ఇస్తుందా?"

"అడిగినప్పుడు అది చెప్పింది చెయ్యాలి."

"ఎప్పుడడుగుతుంది?"

"దాని ఇష్టం."

ఆమె ఇంకేమీ అడగకుండా ఒప్పుకుంది. తన పాత్రకు పాత కథ కూడా తనే అల్లింది: చిన్నప్పుడు చెరువులో మునిగిపోతుంటే, అడుగున ఉండే దొర పైకి నెట్టాడు. ఎందుకు నెట్టాడో చెప్పలేదు. టీచరు ఆ దొరకు 'అడుగుదొర' అని పేరు పెట్టింది.

"అడుగున ఉండే దొరా, అది చెయ్ ఇది చెయ్ అని అడిగే దొరా?" అన్నాడు మరిది.

"రెండూ" అన్నాడు మాస్టారు, గొంతు బొంగురు చేసుకుని.

రెండేళ్లు ఆడారు. అడుగుదొర కలలో కనబడి కోటలో ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టి రమ్మంటే ఆమె వార్లాక్ చిత్తమని వెళ్లేది. ఎడంచేతి ఉంగరం నీళ్లలో పడెయ్యమంటే పడేసేది. మాస్టారికే విసుగు పుట్టింది.

"ఒక్కసారి ఎదురు చెప్పి చూడమ్మా. నువ్విలా అన్నిటికీ తలూపితే నేను దొరగా ఉండి ఏం లాభం?"

"ప్రాణం నిలబెట్టాడు కదండీ" అనేది ఆమె.

ఇలా ఉండగా ఊరి చివర కొత్తగా కట్టిన కంటి ఆసుపత్రి వాళ్లు ఆమెను పిలిచారు. అద్దాల విభాగం మొత్తం ఆమె చేతికిస్తామన్నారు. పెద్ద కిటికీలు, కొత్త యంత్రాలు, కింద ముగ్గురు పనివాళ్లు. ఉత్తరం సంచిలో పెట్టుకుని పదకొండు రోజులు తిరిగింది. సోమవారం జవాబు చెప్పాలి. "ఆయనతో చెప్పెయ్, మింగేస్తాడా?" అన్నాడు మొగుడు. శనివారం రెండుసార్లు మాస్టారి బల్ల దాకా వెళ్లి, మరమేకులున్నాయా అని అడిగి తిరిగొచ్చింది. రెండోసారి ఆమె చేతిలో మరమేకుల డబ్బా అప్పటికే ఉంది.

ఆదివారం ఆటలో ముగ్గురూ నీటికోట చేరారు. లోపలికి దారి దొరికింది. అడుగుదొర మాట్లాడాడు.

"నీవాళ్లు వెళ్లనీ. నువ్వు ఈ గుమ్మం దగ్గర కాపలా ఉండు."

మాస్టారికి ఉత్తరం సంగతి తెలియదు. కథ రక్తి కట్టిద్దామనే అలా అన్నాడు.

"ఎన్నాళ్లు?" అంది ఆమె.

అడుగుదొరను ఆమె ప్రశ్నించడం అదే మొదలు. టీచరు పెన్సిలు ఆపింది.

"నేను చాలనేదాకా."

"మీరు చాలనరు. మీరెప్పుడూ ఏదీ అనరు. ఆ రోజు నన్ను ఎందుకు కాపాడారో చెప్పండి. బదులుగా ఏం కావాలో అడిగెయ్యండి, చేసేస్తాను. ఇలా ఎదురుచూస్తూ ఉండటం నావల్ల కావట్లేదు."

"మునిగిపోయేవాణ్ని చూస్తే..." అని అడుగుదొర గొంతుతో మొదలుపెట్టాడు మాస్టారు.

"చెరువు సంగతి కాదండీ. ఆ అరవై కళ్లజోళ్లు. తప్పు నాదని ఎందుకన్నారు?"

మరిదికి ఏమీ అర్థం కాక పుస్తకంలో పేజీలు తిప్పసాగాడు. మాస్టారు ముక్కు మీది కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపు ఆయనకు ఏ అరవయ్యో గుర్తుకు రాలేదు. వచ్చాక మొహం అదోలా అయింది.

"బడి పిల్లలవా? తప్పు నాదే కాబట్టి నాదన్నాను."

"కోసింది నేను కదండీ."

"నేను రాసిచ్చిన కాగితం చూసి కోశావు. బడివాళ్ల జాబితా చేతిరాత బాగాలేదని నేనే తిరగరాశాను. పధ్నాలుగో పేరు దగ్గర ఫోను మోగింది. మళ్లీ రాయడం మొదలుపెట్టినప్పుడు ఒక వరస వదిలేశాను. అసలు జాబితా, నా కాగితం పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. నీకు తెలుసనుకున్నానే."

"నాకెలా తెలుస్తుందండీ? చూడటానికే భయమేసింది."

"నీ చేత నాలుగు ఆదివారాలు పని చేయించానని నేను సిగ్గుపడి చచ్చాను. నీ దగ్గర ఆ మాట ఎత్తడానికి మొహం చెల్లలేదు."

అద్దాలక్కకు నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి చిన్నగా వచ్చి, తర్వాత ఆపుకోలేకపోయింది. కళ్లనీళ్లు తుడుచుకుంటుంటే టీచరు మంచినీళ్లు ఇచ్చింది. తొమ్మిదేళ్లు ఉక్కపోతలో మూసిన కిటికీలన్నీ ఒక్కసారి గుర్తొచ్చి మళ్లీ నవ్వింది. ఆ నవ్వులోనే సంచి తెరిచి ఉత్తరం తీసి ఆయన ముందు పెట్టింది.

మాస్టారు నుదుటి మీది కళ్లజోడు కిందికి దించుకుని ఉత్తరం రెండుసార్లు చదివాడు. వెంటనే సంతోషించాడని చెప్తే అబద్ధమవుతుంది. కిటికీ వైపు, యంత్రం వైపు చూశాడు.

"నీ అంత చెయ్యి మళ్లీ దొరకదు నాకు" అన్నాడు. ఉత్తరం మడిచి తిరిగిస్తూ, "జవాబు రేపా? మరి ఇక్కడ కూర్చుని నీటికోటలు పట్టుకుంటావేం? ముందు ఇంటికెళ్లి రాసుకో" అన్నాడు.

"మరి నా యుద్ధం?" అన్నాడు మరిది.

"కోట ఎక్కడికీ పారిపోదులే."

ఆమె ఇంటికి నడిచే వెళ్లింది. దారిలో ఎక్కడా తొందరపడలేదు. వస్తున్నానని నాలుగు వాక్యాల్లో జవాబు రాసి, పక్క కూడా వేసుకోకుండా సోఫాలోనే పడుకుని, మొగుడు లేపేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

నెల తిరిగాక ఆసుపత్రిలో చేరింది. మొదట్లో కొత్త యంత్రం మొండికేసేది. మాస్టారికి ఫోను చేస్తే, ఆయనకూ తెలియక ఇద్దరూ కలిసి యంత్రంతో వచ్చిన పుస్తకం చదువుకునేవారు. ఆదివారం ఆట మాత్రం మానలేదు. వాయిదాపడ్డ కోట దగ్గర అద్దాలక్క వార్లాక్ గుమ్మం దగ్గర నిలబడనంది. ఒప్పందం కాగితం మీద పెట్టాలంది. పనికి హద్దు, వారానికో సెలవు, పడేసిన ఉంగరానికి బదులు ఉంగరం అడిగింది. అడుగుదొర ఉరిమాడు, అలిగాడు, పాచికలు వేయించాడు. మాస్టారు ఇంత హుషారుగా ఎప్పుడూ ఆడలేదు. ఉంగరం దగ్గర బేరం తెగక ఆ పూటంతా గడిచిపోయింది. టీచరు షరతులు రాస్తూ రాస్తూ, "మీరిద్దరూ ఒకే మాట మీదికి వచ్చేలోపు టీ పెట్టుకొస్తాను" అని లేచింది.