జొన్నగింజంత గాలి

చేయని తప్పు ఒప్పుకున్న మనిషికి ఎవరి మీద ఎక్కువ కోపం రావాలి? ఒప్పించినవాడి మీదనా, ఒప్పుకున్న తన నోటి మీదనా? కాశమ్మ సంగతి ఎన్నిసార్లు తలపోసినా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది.

కాశమ్మది బహదూర్‌పురా. మొగుడు ఎల్లయ్య జూపార్కులో బోన్లు కడిగేవాడు. ఆమె పదేళ్లు ఒక మందుల కంపెనీలో దగ్గుమందు సీసాలు నింపింది. అది మూతపడ్డాక, తొంభై అయిదులో, ఫలక్‌నుమా స్టేషన్ వెనక వైకుంఠం అనే ఆయన షెడ్డులో నీళ్లగాజుల పనికి కుదిరింది. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో గ్లిజరిన్ నీళ్లు, మెరుపు పొడి నింపి రెండు కొసలూ కలిపి అతికిస్తే గాజు. చెయ్యి ఊపితే లోపల మెరుపులు పరిగెత్తేవి. ఆ రోజుల్లో ఆడపిల్లలకు అదొక సంబరం.

కాశమ్మకు మాత్రం ఆ మెరుపులు చూస్తే ఒళ్లు మండేది.

"ఏంది గిది, పొయ్యిల బూడిద ఊదినట్టు! లోపల ఏదన్న పానమున్నది తిరగాలె."

"పాము పిల్లను ఏద్దామా అక్కా?" అని పక్కన కూర్చుని పనిచేసే సోనీ నవ్వేది.

పామును కాదు, చేపను వేసింది కాశమ్మ. అంత తేలిగ్గా కాదు. పాలప్యాకెట్ కవరుతో చేస్తే పైకి తేలి కూర్చుంది. పాత ఎక్స్‌రే ఫిల్ముతో చేస్తే అడుక్కి పోయి పడుకుంది. రెండు నెలలు కత్తెరను తిట్టుకుంటూ, తనను తాను తిట్టుకుంటూ, చివరికి ఆ రెండిటినీ ఒకదానికొకటి అతికించి వడ్లగింజంత చేప కత్తిరించింది. గ్లిజరిన్‌లో చుక్క చుక్క నీళ్లు కలుపుతూ పోయింది. ఒక మధ్యాహ్నం ఆ చేప మునగలేదు, తేలలేదు. నడుమ నిలబడింది. మణికట్టు తిప్పితే తోక కాస్త వంచి ముందుకు సాగింది. సోనీ నవ్వడం మరిచిపోయింది.

అప్పటినుంచి చేప కత్తిరించడం, నీళ్లు కలపడం కాశమ్మ చేతి పని. బడి మొహం చూడని మనిషికి నలభై ఏళ్లు దాటాక, ఇది నాది అని చెప్పుకోవడానికి దొరికింది అదొక్కటే.

గొట్టం నింపేటప్పుడు ఆమె జొన్నగింజంత గాలి వదిలేది. మందు సీసాను ఎవరూ మూతి దాకా నింపరు. ఎండకు లోపలిది ఉబ్బితే దానికి చోటు కావాలి.

తొంభై ఎనిమిది వేసవి పెళ్లిళ్ల కోసం లాడ్‌బజార్ దుకాణదారు హబీబ్ సాబ్ రెండు వందల డజన్ల చేప గాజులకు ఆర్డరు చెప్పాడు. నమూనా గాజును వెలుతురుకు పట్టి మొహం చిట్లించాడు. "యే ఖాలీ కైకూ జీ?" అన్నాడు, లోపల ఆ ఖాళీ ఎందుకని.

ఆయన వెళ్లగానే వైకుంఠం కాశమ్మ మీద పడ్డాడు. "నిండుగ నింపు. కొనేటోళ్లు గాలికి పైసలిస్తరా?"

"ఎండలకు పలుగుతయన్నా."

"నువ్వేమన్న ఇంజనీరువా? చెప్పింది చెయ్."

మూడు రోజులు వాదించింది. నాలుగో రోజు పళ్లు నూరుకుంటూ తన చేత్తోనే నిండా నింపింది.

మే రెండో వారంలో అతుకులు విచ్చుకున్నాయి. హబీబ్ సాబ్ దుకాణంలో అలమరాలన్నీ జిగట. ఎవరిదో పెళ్లి దుపట్టా పాడైంది. హబీబ్ సాబ్ ఆటోలో డబ్బాలు వేసుకుని వస్తున్నాడని కబురు అందగానే వైకుంఠం కాశమ్మను షెడ్డు వెనక్కి పిలిచాడు.

"తప్పు నాదే అని ఒక్క మాట అను కాశమ్మా. మాటే కద, నీకేం పోతది? నాకైతే ఇజ్జత్ పోతది. షెడ్డు మూతబడితే పదకొండు మంది ఆడోళ్లు యాడికి పోవాలె?"

ఆ పదకొండు మంది ఊసెత్తకపోతే అతని మొహాన ఉమ్మేసేదే.

హబీబ్ సాబ్ వస్తూనే డబ్బా బోర్లించాడు. ఖాళీ అయి నలిగిన గొట్టాలూ, ఎండిన చేపలూ సిమెంటు నేల మీద పడ్డాయి. "కౌన్ కరే యే?" ఇది చేసిందెవరని అరిచాడు.

"నా తప్పే సాబ్," అంది కాశమ్మ. "కొలత తప్పింది."

నేరుగా ఒప్పుకున్నందుకో ఏమో ఆయన గొంతు తగ్గింది. వైకుంఠం వైపు తిరిగి, "తో యే కామ్ ఇన్‌కో మత్ దేవ్," అన్నాడు.

ఈ పని ఈమెకు ఇవ్వొద్దు! ఆ మాట వస్తుందని కాశమ్మ అనుకోలేదు. వైకుంఠం ఒక్క క్షణమైనా తటపటాయిస్తాడేమోనని చూసింది.

"బరాబర్ సాబ్. రేపటి సంది సోనీ చేస్తది, ఈమె డబ్బాలు కడ్తది. అసల్కు ఆ చేప ఉపాయం నాదే. ఈమెకు చెయ్యి కుదర్లే."

కాశమ్మ చెవులు భగ్గుమన్నాయి. నోటిదాకా వచ్చిన బూతులన్నీ అక్కడే అడ్డం పడ్డాయి. ఇందాకే తప్పు నాదని చెప్పింది కదా, ఇప్పుడు చేప నాదంటే ఎవరు నమ్ముతారు? మాటే కదా అన్నాడు. ఆ ఒక్క మాటతో మిగతా మాటలన్నీ లాక్కున్నాడు, దొంగ నాకొడుకు.

తొట్టి దగ్గరికి పోయి జిగట వదిలేదాకా చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. సోనీ వెనకే వచ్చి నిలబడింది.

"అక్కా, నేను అడగలే. నిజంగ అడగలే."

కాశమ్మ ఆమె వైపు చూడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, ఛాయ్ తాగుతున్న హబీబ్ సాబ్, వైకుంఠంల నడుమ నుంచి గుమ్మం దాటింది.

"బయటికే కద? ఇంక రెండు ఛాయ్ చెప్పు," అన్నాడు వైకుంఠం, తలెత్తకుండానే.

ఆమె ఛాయ్ చెప్పకుండానే హోటల్ దాటిపోయింది. బస్సు కోసం కూడా ఆగలేదు. నిప్పులు చెరిగే ఎండలో బహదూర్‌పురా దాకా నడిచే పోయింది.