మంటలో పెంచిన పొర

మొన్న సూర్యాపేటలో కంటికి శుక్లం తీయించుకున్నాను. కట్టు విప్పి నల్లద్దాలు పెడుతూ డాక్టరమ్మ, ఇంత ముదిరిందేమిటి, నిప్పుల దగ్గర గానీ పనిచేసేవారా అని అడిగింది. పాతికేళ్ళకు పైగా మంటలోకి చూడటమే నా ఉద్యోగమమ్మా అన్నాను. ఆమె అయ్యో అన్నట్టు తలాడించింది. నాకు మాత్రం ఎందుకో ఛాతీ కాస్త విచ్చుకున్నట్టయింది. ఆ గర్వమేమిటో ఆమెకు చెప్పేంత తీరిక లేదు, బయట ఇంకా చాలామంది కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నారు. అందుకే నా ఈడు వాళ్ళతో చెప్పుకుంటున్నాను.

మాది చిలుకూరు పక్కనున్న తండా. కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే దారి పొడుగునా సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, అవి వచ్చాయి కాబట్టి మాకు బస్తాలు మోసే పని దొరికింది. నేనూ మొదట బస్తాలే మోశాను. తరువాత రాతిపొడిని కాల్చే కిల్న్ దగ్గరికి సహాయకుడిగా మారి, నాలుగేళ్ళు పని నేర్చుకుని, దాని మంటను నడిపే బర్నర్‌నయ్యాను. తండాలో అంత పనికి ఎదిగినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. మా అమ్మ ఆ సంగతి అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ చెప్పుకుని మురిసిపోయింది.

కిల్న్ అంటే ఎద్దులబండి తోలుకుపోయేంత వెడల్పున్న ఇనుప గొట్టం. కాస్త ఏటవాలుగా పడుకుని నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. పై కొసన రాతిపొడి పడుతుంది, కింది కొసన బొగ్గుమంట ఉంటుంది, పొడి దొర్లుతూ వచ్చి మంటలో కాలి గులకరాళ్ళలా బయటపడుతుంది. ఆ వేడికి ఇనుము నిలవదని లోపల ఇటుకలు పేరుస్తారు. ఒట్టి ఇటుకలూ ఎన్నాళ్ళో నిలవవు. సగం కరిగిన ఆ పదార్థమే ఇటుకల మీద అంటుకుని పొర కట్టాలి, ఆ పొరే ఇటుకను కాయాలి. దాన్ని బయట చేసి లోపల అతికించడం కుదరదు. అక్కడే, ఆ మంటలోనే, కిల్న్ తిరుగుతుండగానే పెంచాలి. పలచబడితే ఇనుము ఎర్రబడుతుంది, మితిమీరితే సరుకు దిగకుండా కిల్న్ గొంతుకు అడ్డంపడుతుంది. మా అమ్మ గోడకు మట్టి మెత్తేటప్పుడు ఒక పొర పట్టుకున్నాకే రెండోది వేసేది, తొందరపడితే మొత్తం జారిపోతుందని. ఆ పనిలోని ఒడుపు నాకు కిల్న్ దగ్గర తెలిసివచ్చింది.

నాకు పని నేర్పిన పెద్ద బర్నర్ మిర్యాలగూడ వైపు మనిషి. వరసకు ఏమీ కాకపోయినా మామా అని పిలిచేవాణ్ణి. చేతికి నీలి అద్దం ఇచ్చి, చూపు పెట్టే రంధ్రం ముందు నిలబెట్టి, మంటను కాదు, దాని వెనక గోడను చూడమనేవాడు. నాలుగేళ్ళూ ఆయన చెప్పిన పాఠం దాదాపు అంతే.

సొంతంగా షిఫ్టు ఇచ్చిన కొత్తలో నేను ఆ ఒక్క పాఠమే మరిచాను. గంటగంటకూ ల్యాబు వాళ్ళు సరుకు పరీక్షించేవారు. బాగా కాలితే మెచ్చుకునేవారు. ఆ మెప్పు కోసం మంటను పొట్టిగా, ఉగ్రంగా పెట్టి నడిపాను. నల్లపూసల్లాంటి సరుకు వచ్చింది. కోదాడ హోటల్లో టీ తాగుతూ నా గొప్పలు నేనే చెప్పుకున్నాను. లోపల పొర నిగనిగలాడుతుంటే అది ఆరోగ్యమనుకున్నాను గానీ, కరిగి కారిపోతున్నదని తెలుసుకోలేదు.

ఒక సాయంత్రం పొద్దుగూకుతుండగా, నల్లటి గొట్టం మీద అరచేతంత ఎర్రమచ్చ కనబడింది. పగటి వెలుతురులో ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఇంజనీరుగారు వచ్చి, కిల్న్ ఆపి ఇటుకలు మార్చాల్సిందే, వీణ్ణి మళ్ళీ బస్తాల దగ్గరికి పంపండి అన్నారు. అమ్మకు ఏ ముఖంతో చెప్పాలన్నదే ఆలోచన. అప్పుడు మామ, ఇనుము ఇంకా వంగలేదు కాబట్టి తెల్లారేదాకా గడువిమ్మన్నాడు. సరే, అయితే నువ్వే చూసుకో అన్నారు ఇంజనీరుగారు.

"నేను గాదు సార్. ఎవడు పోగొట్టిండో వాడే కడ్తడు" అన్నాడు మామ.

ఇంజనీరుగారిని పక్కకు తీసుకుపోయి ఏదో మాట్లాడి వచ్చి, నా వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేను బొగ్గు తగ్గించి, మంటను సాగదీసి మెత్తబరిచాను. మచ్చకు బయటి నుంచి ఫ్యాన్లు పెట్టించాను. సరుకు జిగురుగా అంటుకునేలా పొడిలో ఇనుపరాయి పాలు కాస్త పెంచమని, నిన్నటిదాకా ఎవరి మెప్పు కోసం ఎగబడ్డానో ఆ ల్యాబు వాళ్ళనే బతిమాలాను. నీలి అద్దంలోంచి చూస్తే సరుకు గోడ ఎక్కుతోంది, ఆ చోటికి రాగానే జారిపోతోంది. చాలాసేపటికి ఒక్క పలుకు అంటుకుని, మళ్ళీ చుట్టుకు కూడా నిలిచింది. సంతోషం పట్టలేక, మంట పెంచుదామని చెయ్యి బొగ్గు మీట మీదికి పోయింది.

"ఆగు. అంటుకోనియ్" అని వెనక నుంచి వినబడింది.

ఆగాను. తెల్లారేసరికి మచ్చ నల్లబడింది. కొన్ని నెలల తరువాత మామూలు మరమ్మతు కోసం కిల్న్ ఆపినప్పుడు, టార్చిలైటు పట్టుకుని మామా నేనూ లోపలికి పోయాము. అక్కడ జానెడు మందాన బూడిదరంగు రాయి, పొర మీద పొర. మామ సుత్తితో తట్టి చూసి, "మంచిగ కట్టినవ్" అన్నాడు. నా జీవితంలో అంతకన్నా పెద్ద సన్మానం జరగలేదు. మధ్యాహ్నానికి కూలీలు ఇటుకలతో పాటు దాన్నీ కొట్టిపారేశారు.

మామ పోయినప్పుడు చూడవచ్చిన ఇంజనీరుగారు నాతో ఒక మాట చెప్పారు. ఆ రోజు షిఫ్టు పుస్తకంలో కిల్న్ నడుపుతున్నది తానేనని మామ రాసి సంతకం చేశాడట, ఇనుము వంగితే ఉద్యోగం తనది పోయేలా. అప్పటిదాకా నాకు ఆ సంగతి తెలియదు.

ఆమధ్య ఫ్యాక్టరీకి పోయి చూశాను. చల్లటి గదిలో తెరల ముందు ఆడపిల్లలు కూడా కూర్చుని కిల్న్ నడుపుతున్నారు. ఇనుము ఎర్రబడక ముందే తెర మీద రంగు మారి హెచ్చరిస్తుందట, నేను చేసిన తప్పు ఇక ఎవరూ చేయలేరు. మాకన్నా బాగా నడుపుతున్నారు, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. ఏ నిమిషానికి ఎవరు ఏ మీట తిప్పారో కూడా కంప్యూటరే రాసుకుంటుందని ఒక పిల్ల చూపించింది. మంచిదే తల్లీ అన్నాను. ఒకరి తప్పును ఇంకొకరు తన పేర రాసుకునే వీలు మాత్రం అందులో లేదు.