గ్లాసు అవతల అక్షరం

నీళ్ళలో కరిగి చూపించనిదేదీ మా గ్లాసు గారు నమ్మేవారు కాదు. మందుల కంపెనీ ల్యాబులో ఆయన నా పై అధికారి. చేతిలో గాజు గ్లాసు, చంకలో దినపత్రిక. ఏదిచ్చినా నీళ్ళలో వేసి, కలిపి, గ్లాసు వెనక పత్రిక పట్టుకుని చదివేవారు. అక్షరం కనిపిస్తే కరిగినట్టు, మసకగా ఉంటే లేనట్టు.

వాళ్ళావిడ కాఫీ ఇచ్చినా అంతే. కాఫీ వెనక అక్షరం ఎప్పటికి కనిపించేను? ఇరవై ఏళ్ళు కాఫీ తాగకుండానే కాపురం చేశారు పాపం!

ఒకసారి జ్వరమని సెలవు చీటీ ఇస్తే, అదీ గ్లాసులో వేశారు.

“సిరా కరిగింది. జ్వరం మాత్రం కరగలేదయ్యా. పో, పని చూడు.”

ఇంతలో మా కంపెనీ మూర్ఛకు చౌక మాత్ర తయారు చేసింది. ఖరీదైన అసలు మాత్రతో సమానంగా గాజు పాత్రలో చకచకా కరిగితే, మనుషుల మీద పరీక్ష అక్కర్లేదని మినహాయింపు దొరుకుతుంది. దాన్నే బయోవేవర్ అంటారు. ఆ దరఖాస్తు నేనే రాశాను. మా అక్కకి మూర్ఛ. అసలు మాత్ర కొనలేక రోజు విడిచి రోజు మింగేది.

గ్లాసు గారు మాత్రను నీళ్ళలో వేశారు. క్షణంలో పొడి పొడి అయింది.

“కరిగిపోయిందండీ!” అన్నాను.

“విడిపోయింది. ఏదీ, చదువు!”

తెల్లటి మసక. ఒక్క అక్షరం కనిపిస్తే ఒట్టు.

“సరిగా కరగని మందుకి మినహాయింపేంటయ్యా? మనుషులకిచ్చి, రక్తంలోకి ఎంత చేరిందో చూడాల్సిందే.”

“దానికి నెలలు పడుతుంది సార్! అప్పటిదాకా మా అక్క గతి?”

“మీ అక్క కూడా మింగుతుందా? అయితే అసలు సంతకం పెట్టను. పో!”

ఆపైన ఆయనతో మాటలు మానేశాను. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన క్షమాగుణం నాలో ఒక్క చుక్క కూడా కరగలేదు.

పరీక్షలో ఆ మాత్ర తప్పింది. మందు సగమే రక్తంలోకి చేరిందట. ఇంకా మెత్తగా నూరి మళ్ళీ చేస్తేగానీ నెగ్గలేదు. మొత్తం ఎనిమిది నెలలు. మొదటి పెట్టె పట్టుకుని అక్క ఇంటికి పరిగెత్తాను.

“ఇన్నాళ్ళూ రోజు విడిచి రోజేనా అక్కా?”

“లేదురా! నెలనెలా మీ కంపెనీ వాళ్ళు అసలు మాత్రలే పంపారుగా. నీకు తెలీదూ?”

పొట్లాలు కట్టిన కాగితాలు చూపించింది. అన్నీ దినపత్రిక ముక్కలే. ఒక్కోదాని మీద గుండ్రంగా, గ్లాసు అడుగు మరక.

మర్నాడు ఒక ముక్క ఆయన బల్ల మీద పెట్టాను.

“ఇది మీ పనేనా సార్?”

ఆయన గ్లాసు ఎత్తి, అందులోంచి చాలాసేపు చూశారు.

“ఏమోనయ్యా, అంతా మసక. ఒక్క అక్షరం కనబడట్లేదు.”

గ్లాసులో ఉన్నవి ఉత్త మంచినీళ్ళు.