పాలు పొంగేదాకా బుడగలు

నా చిన్నప్పుడు కోపం నాకు ముక్కు మీదే ఉండేది. ఆ కోపమంతా మా తాతయ్య మీద. సామల్పట్టి చుట్టుపక్కల పెళ్లిళ్లకు మా వాళ్లదే మేళం. మా పెదనాన్న సన్నాయిలో రాగాలు తీస్తుంటే జనం తలలూపేవారు. పక్కన కూర్చుని తాతయ్య ఒత్తు ఊదేవాడు. ఒత్తు కూడా చూడ్డానికి సన్నాయిలాగే ఉంటుంది గానీ, మొదటి నుంచి చివరిదాకా ఒకటే స్వరం. "మీ తాతకు ఒక్క కూతే వచ్చునంట గదా" అని బడిలో పిల్లలు ఏడిపిస్తే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు ఉండబట్టలేక, ఆ పని మానెయ్యమని ఆయన్నే అడిగేశాను. తాతయ్య నొచ్చుకోలేదు. పెరట్లోంచి బొప్పాయి కాడ తెంచి, చెంబెడు నీళ్లలో పెట్టి నా చేతికిచ్చాడు.

"పొయ్యి మీద పాలు పొంగేదాకా బుడగలు ఆగకుండా ఊదమ్మా. ఊదితివా, రేపట్నుంచి నేను ఒత్తు ముట్టను."

ఇదెంత పని అనుకున్నాను. నాలుగు బుడగలు వచ్చాయో లేదో, ఊపిరందక కళ్లు తిరిగాయి. అప్పుడు తాతయ్య కాడ అందుకున్నాడు. బుగ్గల్లో దాచిన గాలి వదులుతూనే ముక్కుతో పీల్చుకుంటూ, పాలు పొంగి పొయ్యిలో పడినా ఆపలేదు. అమ్మ మా ఇద్దరినీ కలిపి తిట్టింది.

ఆ వారమే కల్లావిలో పెళ్లి. తాళి కట్టే వేళ మేళం తెగితే అపశకునమని అందరికీ భయం. సరిగ్గా పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకోగానే పెదనాన్న నోట్లోని సన్నాయి పీక చీలిపోయింది. ఆయన ముఖాన నెత్తురుచుక్క లేదు. ఇంకో పీక వెతికి బిగించేదాకా, డోలు మోతతో పాటు వినిపించిందల్లా తాతయ్య ఊదే ఆ ఒక్క స్వరమే. ఆయన మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, స్వరం మాత్రం వణకలేదు. మూడు ముళ్లూ పడ్డాయి. అక్షింతలు వేసినవాళ్లలో ఒక్కరికీ ఏమీ తెలియలేదు.

బండిలో తిరిగొస్తూ, నిన్నెవరూ మెచ్చుకోలేదే అని ఏడ్చాను. తాతయ్య నవ్వాడు.

"తెగింటే అందరూ చూసిందురు. యాడా తెగలేదు గదమ్మా, అదే చాలు."

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మత్తిగిరిలో మా వీధి ఆడవాళ్ల భజనలో వెనక వరసలో కూర్చుని వంత పాడతాను. పోయిన వారం, చిత్తూరు నుంచి ఫ్యాక్టరీ పనికొచ్చి మా భజనలో ముందు పాడే అమ్మాయికి పాట మధ్యలో గొంతు పూడుకుపోయింది. ఆమె తేరుకునేదాకా పాట నేను పట్టుకున్నాను. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

యాడా తెగలేదు, తాతయ్యా.