అన్న ఇచ్చిన వాంగ్మూలం

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక మే నెలలో, నన్ను తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు తాలూకా ఆఫీసుకు డిప్యూటీ తహశీల్దారుగా బదిలీ చేశారు. ప్లస్ టూ ఫలితాలు వచ్చాక ఆ సీటులో ఊపిరి సలపదు. ఇంట్లో అంతవరకు ఎవరూ డిగ్రీ పూర్తి చేయకపోతే, కౌన్సెలింగు ద్వారా ఇంజినీరింగు వంటి చదువుల్లో చేరే మొదటి బిడ్డకు ప్రభుత్వం ఫీజు రాయితీ ఇస్తుంది. దానికి ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ కావాలి. దరఖాస్తు ఇ-సేవ కేంద్రంలో పెడతారు. గ్రామ పరిపాలనాధికారి, అంటే వీఏఓ, ఊళ్ళో విచారించి నివేదిక రాస్తాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దాన్ని సరిచూస్తాడు. ఆమోదించడమో తిరస్కరించడమో చివరికి నా పని.

పాండూరు నుంచి హేమలత అనే అమ్మాయి పెట్టిన దరఖాస్తు ఒక అభ్యంతరంతో నా దగ్గరికి వచ్చింది. ఆమె అన్న మురళి బీకాం పూర్తి చేశాడని పక్కింటాయన విచారణలో చెప్పాడు. అందులో దురుద్దేశమేమీ లేదు. కొడుకు పట్టభద్రుడని తండ్రే ఊరంతా గర్వంగా చెప్పుకునేవాడు. వీఏఓ అడిగితే ఆ తండ్రి కూడా అదే మాట అన్నాడు. దరఖాస్తు కూతురే నింపిందనీ, చూపించిన చోట తాను సంతకం పెట్టాననీ చెప్పాడు.

తండ్రీకూతుళ్ళను ఆఫీసుకు పిలిపించాను. తప్పుడు సమాచారం ఇస్తే రాయితీ పోవడమే కాదు, చర్య కూడా ఉంటుందని హేమలతకు వివరించాను. ఆమె తలదించుకోలేదు.

"నేను రాసింది అబద్ధం కాదు మేడం. అంతకుమించి నన్ను అడగొద్దండి."

తండ్రి ముఖం నల్లబడింది. తన పరువు తీస్తున్నావని కూతుర్ని కోప్పడ్డాడు. రుజువు లేకపోతే తిరస్కరించాల్సి వస్తుందని నేనన్నాను.

"అట్లయితే రిజెక్ట్ చేసేయండి మేడం. నేను ఆర్ట్స్ కాలేజీలో చేరతా."

మంచి మార్కులు వచ్చిన పిల్ల ఇంజినీరింగు సీటును అంత తేలిగ్గా వదులుకుంటోందంటే, ఎవరినో కాపాడుతోందని నాకు తోచింది. నేను తిరస్కరించలేదు. అన్న చదువుకు సంబంధించిన రుజువులు తెప్పించమని రాసి, దరఖాస్తును తిరిగి వీఏఓకే పంపాను. కౌన్సెలింగుకు సర్టిఫికెట్లు సమర్పించే గడువు దగ్గర పడుతోంది.

మరునాడు మధ్యాహ్నం మురళి ఒక్కడే వచ్చాడు. మణవాళనగర్ దగ్గర ఒక కంపెనీలో ప్లస్ టూ అర్హత మీదే పనిచేస్తున్నాడు. మార్కుల జాబితాలు, కాలేజీ ఇచ్చిన ఉత్తరం నా బల్ల మీద పెట్టాడు.

"మూడు పేపర్లు నిలిచిపోయినాయి మేడం. ఇంట్లో, ఊళ్ళో పాసైనాననే చెప్పినా. చెల్లెలికి ఒక్కదానికే తెలుసు. చెప్పొద్దని నేనే అడుక్కున్నా."

తిరుత్తణిలో అతనికి సంబంధం కుదిరి ఉంది. పట్టభద్రుడనే వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ ఉదయం రైలెక్కి ముందు వాళ్ళింటికే వెళ్ళి, అమ్మాయి తండ్రికి సంగతంతా చెప్పి, అక్కణ్ణుంచి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఆయన ఏమన్నాడని అడిగాను. ఆలోచించి చెబుతామన్నారట.

వాంగ్మూలం నా గదిలోనే ఇవ్వవచ్చనీ, ఊళ్ళో ఎవరికీ తెలియాల్సిన అవసరం లేదనీ చెప్పాను. ఒప్పుకోలేదు.

"ఊళ్ళో అందురూ నా చెల్లెలు అబద్ధం రాసిందనుకుంటా ఉండారు మేడం. ఆడనే చెప్పల్ల."

మరుసటి ఉదయం పాండూరులో వీఏఓ ఆఫీసుకు నేను కూడా వెళ్ళాను. పక్కింటాయన, తండ్రి, హేమలత, మరి కొందరు పెద్దలు కూర్చున్నారు. మురళి నిలబడి, తన వాంగ్మూలాన్ని తానే చదివాడు. మధ్యలో ఒకచోట ఆపాడు. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదటి నుంచి చదివాడు. పక్కింటాయన అభ్యంతరం వెనక్కి తీసుకుని, సాక్షిగా సంతకం చేశాడు. తండ్రి కూతురి వైపు తిరిగాడు.

"నాతో ఒక మాట చెప్పుంటే నిన్ను అట్ల అనుండను గదా పాపా."

"అన్నకు మాటిచ్చినా నాయనా," అందామె.

ఆ సాయంత్రమే డిజిటల్ సంతకంతో సర్టిఫికెట్ ఆమోదించాను. హేమలతకు ఆవడి దగ్గర కాలేజీలో సీటు వచ్చింది. లోకల్ రైల్లో రోజూ వెళ్ళివచ్చేది. తిరుత్తణి సంబంధం మాత్రం నిలవలేదు. దానికి మురళి ఎవరినీ తప్పుపట్టలేదని వీఏఓ చెప్పాడు. నేను రిటైరయ్యేలోపు అతను రెండు పేపర్లు పాసయ్యాడు. మూడోదాని సంగతి నాకు తెలియదు.

ఈ సర్టిఫికెట్ ఒక బిడ్డకు దారి చూపుతూనే, అదే ఇంట్లో మరొకరు పూర్తి చేయలేకపోయినదాన్ని నలుగురిలో ఒప్పుకోమంటుంది. విచారణలో జవాబు చెప్పని మనిషి అబద్ధమాడుతున్నట్టు కాదు. ఆ తరువాత ఇంట్లో ఎవరి చదువు మీద సందేహం వచ్చినా, ముందు ఆ మనిషినే విడిగా పిలిపించి అడిగాను. వారి మాట వినకుండా ఒక్క దరఖాస్తునూ తిరస్కరించలేదు.