డ్రిల్లు పీరియడ్, అవ్వ నడుము

మా అపార్ట్‌మెంటు మెట్లెక్కుతుంటే ఎవరింట్లోనో నువ్వులనూనెలో కర్పూరం, వెల్లుల్లి వేసి కాస్తున్న వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నకిరేకల్ దగ్గరి మా ఊరు, ఆ నూనె రాసి మర్దన చేసే మా అవ్వ నడుము, బడిలో డ్రిల్లు పీరియడ్, మూడూ కలిసే గుర్తుకొస్తాయి.

మేం దూదేకులవాళ్ళం. నాయిన పరుపులు, బొంతలు కుట్టేవాడు. ఎండాకాలం వచ్చిందంటే ఇల్లంతా దూది ఎగిరి మా జడల్లోనూ అన్నంలోనూ తేలేది, రంజాన్ నాడు సేమియా పాయసం గిన్నె మూత తీసే ముందు అమ్మ మమ్మల్నందరినీ కదలకుండా కూర్చోబెట్టేది. ఇంట్లో ఆడవాళ్ళంతా చాప పరిచి నమాజు చేస్తుంటే అవ్వ ఒక్కతే కుర్చీలో కూర్చుని చేసేది. మా బోరునీళ్ళు ఆమె ఎముకల్లోకి దిగిపోయాయి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది. మేం నవ్వేవాళ్ళం కాదు, మా వాడలో సగం మంది పెద్దవాళ్ళు అట్లాగే తిరిగేవారు మరి. ఫ్లోరైడ్ అన్న మాట మాకు అక్షరాలకంటే ముందే వచ్చు.

తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఏడో తరగతి. పాలమూరు వైపు నుంచి మా బడికి కొత్త పీఈటీ సారు వచ్చాడు. అప్పటిదాకా డ్రిల్లు పీరియడ్ అంటే మాకు దుమ్ము రేగగొట్టే ఖోఖోనో, లేదంటే బడి ఆవరణ ఊడ్వడమో. ఈయన మాత్రం ఆటకు ముందు మమ్మల్ని వేపచెట్టు నీడలో కాళ్ళు చాపి వరసగా కూర్చోబెట్టి, మోకాళ్ళు లేపకుండా బొటనవేళ్ళు పట్టుకోమనేవాడు. తొడల వెనక నరాలు భగ్గుమనేవి. నా వేళ్ళు పిక్కల దగ్గరే ఆగిపోయాయి. పక్కనే గొర్లు కాసే ఇంటి సైదమ్మ అవలీలగా వంగి పాదాలు పట్టేసుకుంది.

"ఏందే, మీ అవ్వ లెక్క అయితున్నవ్?" అంది నవ్వుతూ.

అది ఊరికే అన్న మాటే. నేను మాత్రం కూర్చున్నచోటే మెడ ఇటూ అటూ తిప్పి చూసుకున్నాను.

సారు వీపు మీద చెయ్యేసి అదిమే రకం కాదు. "గుంజకు బిడ్డా. ఊపిరి ఇడుసుకుంట మెల్లగ వంగు. యాడ ఆగుతవో గాడ్నే జరసేపు ఉండు" అనేవాడు. నేను లోపల వేరే లెక్క వేసుకున్నాను. వేళ్ళు అందాయా, నీళ్ళు నా ఎముకలకు పట్టనట్టు. అందలేదా, నేనూ అవ్వలాగే. ఆ భయంతో సాయంత్రాలు నాయిన ఏకిన దూది కుప్ప పక్కన కూర్చుని, ఇంట్లో వాళ్ళు టీవీ చూస్తుంటే వంగుతూనే ఉండేదాన్ని. వానలు వెలిసి, పీర్ల పండుగకు బెల్లం మలీద ముద్దలు తిని, చలి మొదలయ్యాక ఒకరోజు బొటనవేళ్ళు చేతికి దొరికాయి. ఇంటిదాకా ఉరికాను.

అవ్వ కుర్చీ ముందు కూర్చుని వంగి చూపించాను.

"గా సారు నాకు గూడ నేర్పుతడా?" అంది. "ఒక్కపారి నొసలు నేలకు ఆనిచ్చి నమాజు జేస్తె సాలు బిడ్డా. ఇంగేం వద్దు నాకు."

మరునాడు కర్ర పట్టుకుని నిజంగానే బడికి వచ్చింది. సారు ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, వీపు మీద చెయ్యి ఆనించి మెల్లగా వంగమన్నాడు. వీపంతా పలకలా ఒక్కటిగా కదిలింది. ఆయన చెయ్యి తీసేశాడు.

"అవ్వా, నరాలు బిగుసుకుంటె నేను సాపు జేస్త. నీయి బొక్కలే గట్టివడ్డయి. గిది నాతోని గాదు."

అవ్వ తలూపబోయింది, అదీ కుదరలేదు. "మరి నాయి సార్?" అని నా ఎముకల సంగతి అడిగాను. వేళ్ళు అందాయి కదా, నీకేం భయం లేదంటాడనుకున్నాను.

"నీ నరాలు మంచిగున్నయి బిడ్డా. బొక్కల సంగతి ఇప్పుడే తెల్వది."

అబద్ధమాడితే ఆయన సొమ్మేం పోయేది అని ఏడ్చాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో నల్లాల్లో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. బోరింగు తుప్పు పట్టింది. స్పాంజి పరుపులు వచ్చాక ఇంట్లో దూది ఎగరడం ఆగిపోయింది. సారు బదిలీ మీద వెళ్ళాక ఆ జాగాలోకి ఎవరూ రాలేదు, డ్రిల్లు పీరియడ్ లెక్కల పాఠానికి పోయింది. అవ్వ తన కోరిక తీరకుండానే పోయింది. నేను మాత్రం రోజూ పొద్దున లేవగానే కాళ్ళు చాపి వంగుతాను. వేళ్ళు అందుతాయి. దాంతో తేలేదేమీ లేదని తెలిసీ వంగుతాను.

మొన్న అమ్మ నా దగ్గరికి వచ్చింది. నమాజు వేళకు ఇద్దరికీ కలిపి చాప పరిచాను. అమ్మ దాని అంచున నిలబడి, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, నా వైపు చూడకుండా అంది: "నువ్వు జేస్కో బిడ్డా. నేను గీ మంచం మీదనే కూసోని జేస్కుంట."

ఎప్పటినుంచి అని అడగకుండానే చాపను ఆ మంచం పక్కకు జరుపుకున్నాను.